జీపీ అపాయింట్‌మెంట్ దొరికేదెలా? ఇంగ్లండ్‌కి వచ్చిన మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదయం 7:58. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో పిల్లాడి లంచ్ బాక్సులోకి పెరుగన్నం. 8 కాగానే జీపీకి, అంటే మన పేట డాక్టరు క్లినిక్‌కి, డయల్ చేస్తే "వరుసలో మీది 31వ స్థానం" అని రికార్డు మోగుతుంది. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లలో ఇలాంటి పొద్దు చూడని ఇల్లు అరుదు. నేనొచ్చి పదకొండేళ్లయింది. రెండు కాన్పులు, ఒక ఆపరేషను, అమ్మ రెండుసార్లు వచ్చి వెళ్లడం, అన్నీ ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌తోనే నెట్టుకొచ్చాను. నేను డాక్టర్ని కాదు. కొత్తగా వచ్చినవాళ్లు పదే పదే అడిగేవాటికి, దెబ్బలు తిని నేర్చుకున్న జవాబులివి. ఇదంతా ఇంగ్లండ్ గురించే. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పద్ధతులు కొంత వేరు.

"సర్జరీకి వెళ్తున్నా" అంటే ఆపరేషనా?

కాదు. ఇక్కడ జీపీ క్లినిక్‌ని సర్జరీ అంటారు. మొదటి ఏడాది ఫోన్లో "రేపు సర్జరీ ఉందమ్మా" అన్నందుకు తెనాలిలో మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఒంట్లో బాగాలేకపోతే నేరుగా స్పెషలిస్టు దగ్గరికి ఎందుకు వెళ్లకూడదు?

మన దగ్గర మోకాలు నొప్పి వస్తే ఆర్థోపెడిక్, చర్మం దురద పెడితే స్కిన్ డాక్టరు, ఎవరి దగ్గరికి పోవాలో మనమే తేల్చేసుకుంటాం. ఫీజు కట్టి, టోకెన్ తీసుకుని కూర్చుంటే సాయంత్రానికి పని అయిపోతుంది. ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైనప్పటి నుంచీ దారి వేరు. ముందు జీపీ, ఆయన అవసరం అనుకుంటే ఉత్తరం రాసి ఆసుపత్రికి పంపుతాడు. ఆ ఉత్తరం లేకుండా మామూలు జబ్బుకి స్పెషలిస్టు తలుపు తెరుచుకోదు. ఎవరినైనా పట్టుకుంటే పని అవుతుందా అని కూడా అడుగుతుంటారు. అవదు. మా పక్కింటాయన పెద్ద ఆసుపత్రిలో రేడియోగ్రాఫరు. ఆయన నడుం నొప్పికి ఆయనే వరుసలో నిలబడ్డాడు.

రిజిస్టర్ చేసుకోవడానికి ఏం కాగితాలు కావాలి?

నిజానికి ఏమీ అక్కర్లేదు. అడ్రస్ ప్రూఫ్ గానీ, పాస్‌పోర్టు గానీ, వీసా గానీ లేవన్న కారణంతో సర్జరీ కాదనకూడదు. ఎన్‌హెచ్‌ఎస్ నియమమే ఇది. అడగడం మాత్రం అడుగుతారు. ఉంటే చూపించండి, పని త్వరగా అవుతుంది. లేకపోతే "అది తప్పనిసరి కాదని ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఉంది" అని మెల్లగా చెప్పండి. ఫారం ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు, లేదా జీఎంఎస్ 1 అనే కాగితం ఇస్తారు. వాళ్ల పరిధిలో మీ ఇల్లు లేకపోతేనో, కొత్త పేషెంట్లని తీసుకోవడం ఆపేసి ఉంటేనో కాదనొచ్చు. అప్పుడు కూడా కారణం రాసి ఇవ్వాలి.

ముఖ్యమైన మాట: జ్వరం వచ్చాక కాదు, ఇల్లు దొరికిన వారమే రిజిస్టర్ చేసుకోండి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. సెప్టెంబరులో దిగుతారు, నవంబరు చలికి దగ్గు పట్టుకున్నాక సర్జరీ పేరు వెతుకుతారు.

వీసాతోపాటు అంత డబ్బు కట్టించుకున్నారు కదా, ఇంకా క్యూ ఏమిటి?

వీసాతోపాటు కట్టించుకునే హెల్త్ సర్‌ఛార్జ్, ఐహెచ్‌ఎస్ గురించే ఈ కోపం. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకి, పిల్లలకి 776 పౌండ్లు. భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో మూడేళ్ల వీసాకి వస్తే ఎంతవుతుందో లెక్క వేసుకుంటే గుండె ఆగినంత పనవుతుంది. అయినా ఆ డబ్బుతో మీకు దక్కేది ఇక్కడివాళ్లతో సమానంగా వరుసలో నిలబడే హక్కే, వరుస దాటే హక్కు కాదు. "ఐ పెయిడ్ సర్‌ఛార్జ్" అని కౌంటర్ దగ్గర వాదించినవాళ్లని చూశాను. పని ముందుకి కదిలినట్టు మాత్రం చూడలేదు.

ఈ ఉదయం 8 గంటల గొడవ ఏమిటి?

తత్కాల్ టికెట్ కోసం పదింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రోజుకి మిగిల్చిన అపాయింట్‌మెంట్లని చాలా సర్జరీలు 8 గంటలకి వదులుతాయి. అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. 8:20కి "ఈ రోజుకి అయిపోయాయి" అంటారు.

నేను వచ్చిన కొత్తలో అయితే దాని తర్వాత మాట "రేపు 8కి మళ్లీ చేయండి". బాబు చెవి నొప్పికి అలా వరసగా మూడు పొద్దులు చేశాను. మూడో రోజు లైన్ కలిసేసరికి చెవి లోంచి చీము కారి, నొప్పి తగ్గి, వాడు బొమ్మలతో ఆడుకుంటున్నాడు. ఫోన్ పట్టుకుని నేను ఏడుస్తున్నాను.

2023 మే నుంచి ఆ మాట అనకూడదు. మొదటిసారి ఫోన్ చేసినప్పుడే మీ అవసరం ఏమిటో తేల్చాలి. అపాయింట్‌మెంట్ ఇవ్వాలి, లేదా ఫార్మసీకో, 111 అనే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరుకో, ఎక్కడికి పోవాలో చెప్పాలి. రేపు రమ్మని పంపేయకూడదు. ఇప్పటికీ అంటే, గొంతు పెంచకుండా ఇలా అడగండి: "అయితే ఈ రోజు నేను ఏం చేయాలో చెప్పండి." ఈ ఒక్క వాక్యం నాకు పనికొచ్చినంతగా ఏ వాదనా పనికిరాలేదు.

ఇంకోటి, 2025 అక్టోబరు 1 నుంచి అత్యవసరం కానివాటికి ఆన్‌లైన్ ఫారం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8 నుంచి సాయంత్రం 6:30 వరకూ తెరిచే ఉంచాలి. కాబట్టి రెండు నెలలుగా ఉన్న మోకాలు నొప్పికి 8 గంటల యుద్ధంలో దూరకండి. మధ్యాహ్నం తీరిగ్గా ఫారం నింపండి. ఆ పొద్దుటి లైను జ్వరంతో మూలిగే పిల్లలకి వదిలేయండి. ఫోనే చేయాల్సి వస్తే సోమవారం వద్దు, శని ఆదివారాల జబ్బులన్నీ ఆ రోజే క్యూ కడతాయి. "మీ వంతు రాగానే మేమే ఫోన్ చేస్తాం, ఒకటి నొక్కండి" అని వినిపిస్తే నొక్కండి. పెట్టేస్తే వంతు పోతుందేమోనని నేను చాన్నాళ్లు నొక్కలేదు. పోదు.

రిసెప్షనిస్టుకి నా జబ్బు సంగతి ఎందుకు చెప్పాలి? ఆవిడేమైనా డాక్టరా?

నాకూ మొదట్లో ఒళ్లు మండేది. మన దగ్గర కౌంటర్‌లో పేరు, వయసు చెప్తే చీటీ రాసిస్తారు, అంతే. ఇక్కడ కౌంటర్‌లో ఉన్నావిడ పని చీటీ రాయడం కాదు, ఎవరిని ఎవరి దగ్గరికి, ఎంత త్వరగా పంపాలో మొదటి జల్లెడ పట్టడం. మీరు "పర్సనల్" అని ఊరుకుంటే ఆవిడ దగ్గర మీ పేరు పక్కన ఖాళీ ఉంటుంది. ఖాళీకి రెండు వారాల తర్వాతి తేదీ పడుతుంది. మరీ సిగ్గుగా ఉంటే "ఆడవాళ్ల సమస్య, వారం నుంచి, రోజురోజుకీ ఎక్కువవుతోంది" అన్నా చాలు. లేడీ డాక్టరు కావాలని కూడా అప్పుడే చెప్పండి. దొరుకుతుందన్న హామీ లేదు, అడగడంలో తప్పూ లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు.

మరి ఏం చెప్పాలి? నాకు ఇంగ్లిష్ వచ్చు, అయినా ఆ టైముకి మాట రాదు.

ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఇది చదవండి. ఎందుకంటే మనవాళ్లకి అపాయింట్‌మెంట్ దొరకకపోవడానికి సగం కారణం మనం చెప్పే తీరే.

మనకి రెండు అలవాట్లున్నాయి. ఒకటి తగ్గించి చెప్పడం. "హౌ ఆర్ యూ" అనగానే "ఫైన్, థ్యాంక్యూ" అనేస్తాం, జ్వరం 39 ఉన్నా. "లిటిల్ పెయిన్, నాట్ మచ్" అంటాం. ఆ మాటనే వాళ్లు రాసుకుంటారు. ఇంట్లో అయితే "కొంచెం నొప్పి" అన్న గొంతులోనే ఎంత నొప్పో అమ్మకి తెలిసిపోతుంది. ఫోన్లో ఉన్నావిడ మీ అమ్మ కాదు.

రెండోది, మన జబ్బుల మాటల్ని ఇంగ్లిష్‌లోకి ఉన్నదున్నట్టు మార్చడం. ఒక ఎండాకాలం నాకు మూత్రం మంట. మనం ఏమంటాం? వేడి చేసింది అంటాం. నేనూ డాక్టరుతో "బాడీ హీట్" అన్నాను. ఆయన పాపం థర్మామీటర్ పెట్టి చూసి, "36.8, మీకు జ్వరమేం లేదు" అని ఊరడించి పంపబోయాడు. గుమ్మం దగ్గర ఆగి "బాత్‌రూమ్‌కి వెళ్తే మంట" అంటే అప్పుడు వెనక్కి పిలిచి, చిన్న డబ్బా చేతికిచ్చి శాంపిల్ తెమ్మన్నాడు.

"కళ్లు తిరుగుతున్నాయి" అంటే గది గిర్రున తిరుగుతోందా, నిలబడగానే చీకట్లు కమ్ముతున్నాయా అని అడుగుతారు. రెండూ వేర్వేరు జబ్బులు, ముందే తేల్చుకుని ఫోన్ చేయండి. "నీరసం" అంటే ఏమీ అర్థం కాదు, "రెండో అంతస్తుకి మెట్లెక్కితే మధ్యలో కూర్చోవాల్సి వస్తోంది, నెల కిందట ఇలా లేదు" అంటే అర్థమవుతుంది. "వాతం", "పైత్యం", "పట్టేసింది" లాంటివి అసలు వద్దు. ఎక్కడ, ఎప్పటి నుంచి, పెరుగుతోందా తగ్గుతోందా, దాని వల్ల ఏ పని చేయలేకపోతున్నారు, ఇప్పటికి ఏం మందులు వేసుకున్నారు: ఇవి ఒక కాగితం మీద రాసుకుని చదివేయండి. నేను ఇప్పటికీ చదివే చెప్తాను, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఆ కాగితం ఎప్పుడూ ఉంటుంది.

"గ్యాస్" మాట మరీ ప్రమాదం. మా ఆయన ఒక రాత్రి ఛాతీ మధ్యలో నొప్పి అని, "గ్యాస్ పట్టేసిందిలే" అని సోడా తాగి పడుకోబోయాడు. ఒళ్లంతా చెమట. నేను ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేశాను. వాళ్లు గ్యాస్ సంగతి అడగలేదు. నొప్పి చేతికో దవడకో పాకుతోందా, ఊపిరి అందుతోందా, చెమటలు పడుతున్నాయా అనే అడిగారు. అంబులెన్స్ వచ్చింది, ఈసీజీ తీశారు, రాత్రంతా ఉంచుకున్నారు. ఆఖరికి అది నిజంగా గ్యాసే. ఇప్పటికీ ఆ మాట ఎత్తి నన్ను ఆటపట్టిస్తాడు. పట్టించుకోను. ఛాతీ నొప్పికి మనం పేరు పెట్టకూడదు.

ఏం చెప్పినా పారాసెటమాలే ఇస్తారు. దానికి అపాయింట్‌మెంట్ ఎందుకు?

ఇది మనవాళ్ల జాతీయ ఫిర్యాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక సూది, మూడు రంగుల మాత్రలు, ఒక టానిక్ వచ్చేవి. చేతిలో ఏదో పడితే తృప్తి. ఇక్కడ గొంతు నొప్పి, జలుబు, పొడి దగ్గు ఎక్కువగా వైరస్ వల్లే వస్తాయి కాబట్టి యాంటీబయాటిక్ ఇవ్వరు. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి, ఆ విషయంలో వాళ్లే రైటు. సూట్‌కేసులో తెచ్చుకున్న అజిత్రోమైసిన్ స్ట్రిప్ తీసి మూడు రోజులు వేసుకోవడం మన దగ్గర మామూలే. అదే మందు రేపు నిజంగా కావాల్సినప్పుడు పని చేయకపోతే బాధపడేది మనమే.

కానీ పంపించేసేటప్పుడు ఒకటి అడగండి: "ఎన్ని రోజుల్లో తగ్గకపోతే మళ్లీ రావాలి? ఏం కనిపిస్తే వెంటనే రావాలి?" వాళ్లు చెప్పింది ఫోన్లో రాసుకోండి. మళ్లీ ఫోన్ చేసినప్పుడు "మీరు ఐదు రోజులన్నారు, ఈ రోజు ఏడోది" అంటే వరుస కదులుతుంది.

ఫార్మసీకి పొమ్మంటున్నారు. అంటే వదిలించుకుంటున్నారా?

కొన్నిసార్లు అలాగే అనిపిస్తుంది. అయితే 2024 జనవరి 31 నుంచి ఫార్మసీ ఫస్ట్ అనే పద్ధతి వచ్చింది. ఏడు జబ్బులకి ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్‌తో సహా మందు ఇవ్వగలరు: సైనస్, గొంతు నొప్పి, ఏడాది నుంచి 17 ఏళ్ల దాకా పిల్లల చెవి నొప్పి, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటైగో అనే చర్మపు పుండ్లు, పెద్దవాళ్లకి షింగిల్స్ (అక్కి), 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకి మామూలు మూత్రం ఇన్‌ఫెక్షన్. లోపల చిన్న గది ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టి మాట్లాడతారు. కౌంటర్ దగ్గర అందరి ముందూ చెప్పక్కర్లేదు. మా బాబు చెవి రోజుల్లో ఇది ఉండుంటే నాకు మూడు పొద్దులు మిగిలేవి.

డాక్టర్ని అడిగితే నర్సునో, ఇంకెవరినో ఇచ్చారు.

సర్జరీలో ఇప్పుడు నర్స్ ప్రాక్టీషనర్, క్లినికల్ ఫార్మసిస్ట్, ఫిజియోథెరపిస్ట్ కూడా పేషెంట్లని చూస్తారు. "పెద్ద డాక్టరే చూడాలి" అన్న మన పట్టుదల ఇక్కడ ఆలస్యాన్నే తెచ్చిపెడుతుంది. బీపీ మందులు మార్చడానికి నన్ను చూసిన ఫార్మసిస్టు, పది నిమిషాల డాక్టరు కంటే ఎక్కువసేపే కూర్చోబెట్టింది. అయితే మిమ్మల్ని చూస్తున్నది ఎవరో తెలుసుకోండి. "మీరు డాక్టరా?" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక్క అపాయింట్‌మెంట్‌లో మూడు సమస్యలు చెప్పొచ్చా?

పది నిమిషాలే. పెద్దదాన్ని ముందు చెప్పండి. మనం చిన్నవన్నీ చెప్పి, లేచేటప్పుడు "అన్నట్టు డాక్టర్, మలంలో రక్తం పడుతోంది" అంటాం.

అమ్మానాన్న ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. వాళ్లని జీపీ చూస్తారా?

చూస్తారు. జీపీ దగ్గర చూపించుకోవడానికి ఎవరికైనా డబ్బు కట్టక్కర్లేదు, విజిట్ వీసా మీద వచ్చినవాళ్లకి కూడా. మూడు నెలల లోపు ఉండేవాళ్లని తాత్కాలికంగా, అంతకంటే ఎక్కువ ఉండేవాళ్లని మామూలుగా రిజిస్టర్ చేసుకుంటారు. ఈ సంగతి కొందరు రిసెప్షనిస్టులకే తెలియదు. ఓపిగ్గా చెప్పాలి.

ఆసుపత్రి మాత్రం పూర్తిగా వేరే కథ. ఎమర్జెన్సీ విభాగంలో చూసినంతవరకూ ఉచితం. అడ్మిట్ చేసుకున్న క్షణం నుంచి బిల్లు మొదలవుతుంది, అదీ ఎన్‌హెచ్‌ఎస్ రేటుకి ఒకటిన్నర రెట్లు. భారతదేశంతో వైద్య ఒప్పందం లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డబ్బు కోసం వైద్యం ఆపరు, బిల్లు తర్వాత వస్తుంది. 500 పౌండ్లు, ఆ పైన బాకీ రెండు నెలలు దాటితే హోం ఆఫీసుకి తెలుస్తుంది. తర్వాతి వీసాకి అది అడ్డం పడొచ్చు. కాబట్టి టికెట్ కొన్న రోజే బీపీ, షుగర్ దాచకుండా రాసి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. దాచి తీసుకున్న పాలసీ ఆ రోజు చిత్తుకాగితమే.

మందులు ఉన్నన్నాళ్లకీ సరిపడా తెచ్చుకోమనండి, డాక్టరు చీటీతో సహా. ఆ చీటీ మీద బ్రాండు పేర్ల పక్కన అసలు మందు పేర్లు రాయించండి. టెల్మా 40 అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు, టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు అంటే తెలుస్తుంది.

వాళ్లకి ఇంగ్లిష్ రాదు. నేను పక్కనుండి చెప్తే సరిపోతుందా?

సరిపోతుందనే నేనూ అనుకున్నాను. సర్జరీవాళ్లు ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాలి, తెలుగుకి ఎక్కువగా ఫోన్లోనే కలుపుతారు. బుక్ చేసేటప్పుడే అడిగితే కొంచెం ఎక్కువ టైము కూడా ఇస్తారు. నేనుండగా ఎందుకులే అని వద్దన్నాను. డాక్టరమ్మే పట్టుబట్టింది.

స్పీకర్‌లో అవతలి అబ్బాయి "నమస్కారమండీ" అనగానే అమ్మ మొహం విప్పారింది. "ఏ ఊరు బాబూ మీది?" దగ్గర మొదలుపెట్టింది. రెండు నిమిషాలు పోయాయే అని నేను గడియారం చూసుకుంటున్నాను. డాక్టరు నన్ను బయట కూర్చోమంది. కాళ్ల వాపుకని తీసుకెళ్లిన మనిషి, రెండేళ్లుగా దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోందని, అందుకే నీళ్లు తాగడం తగ్గించేసిందని ఊరూ పేరూ తెలియని ఆ అబ్బాయికి చెప్పింది. నాకు చెప్పలేదు. రోజూ ఒకే ఇంట్లో తిరుగుతున్నా, ఆవిడ కాఫీ సగం కప్పులో వదిలేయడం చూసి "ఇక్కడి పాలు నచ్చలేదేమో" అనుకున్నాను. అప్పటి నుంచి ఎవరడిగినా ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించుకోమనే చెప్తున్నాను.

రాత్రిపూట, శని ఆదివారాలు ఏం చేయాలి?

ప్రాణాపాయమైతే 999. అంత కాదు కానీ పొద్దుటిదాకా ఆగలేనంత అయితే 111, ఫోనైనా ఆన్‌లైనైనా. 111వాళ్లు అడిగే ప్రశ్నలు విసుగనిపిస్తాయి, బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే "ఊపిరి ఆడుతోందా" అని అడిగితే తిట్టాలనిపిస్తుంది. ఓర్చుకోండి. అర్జెంట్ ట్రీట్‌మెంట్ సెంటర్‌లోనో, రాత్రి డ్యూటీ జీపీ దగ్గరో టైము ఇప్పించగలిగేది వాళ్లే. మనసు బాగాలేక చీకటి ఆలోచనలు వస్తుంటే అదే నంబరు చేసి 2 నొక్కండి. ఒంటరిగా ఉన్న విద్యార్థులకి ఈ మాట మళ్లీ చెప్తున్నాను: 111 చేసి 2 నొక్కండి, ఎంత రాత్రయినా.

జీపీ దొరకలేదని జలుబుకి ఎమర్జెన్సీకి వెళ్తే ఆరేడు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాల్సి రావచ్చు. సాయంత్రం 6:30 నుంచి 8 దాకా, శనివారాల్లో కూడా చుట్టుపక్కల సర్జరీలన్నీ కలిపి జీపీ అపాయింట్‌మెంట్లు నడుపుతాయి. వాటిని ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. "ఈవినింగ్ ఆర్ సాటర్‌డే" అని మీరే అడగాలి.

జీపీతో పనిలేకుండా జరిగేవి ఏవి?

గర్భం అని తెలిసిన వెంటనే మిడ్‌వైఫ్ సేవలకి మీరే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. టెన్షన్, డిప్రెషన్‌లకి టాకింగ్ థెరపీస్ కూడా అంతే. చాలాచోట్ల ఫిజియోథెరపీకి కూడా. ఆఫీసులో సెలవుకి సిక్ నోట్ కావాలని ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ. ఏడు రోజుల లోపు సెలవుకి డాక్టరు కాగితం అక్కర్లేదు, మీరే రాసివ్వొచ్చు. "ఫుల్ బాడీ చెకప్" మాత్రం అడగకండి, అలాంటిది లేదు. 40 నుంచి 74 ఏళ్లవాళ్లకి అయిదేళ్లకోసారి హెల్త్ చెక్ అని పిలుస్తారు. పిలిస్తే వెళ్లండి.

మందుల ఖర్చు తగ్గించుకోవచ్చా?

2024 మే నుంచి ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, ఎన్ని మాత్రలు రాసినా అంతే. నెలనెలా రెండు మూడు మందులుంటే ఏడాదికి 114.50 పౌండ్లు ఒకేసారి కట్టే ప్రీపేమెంట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఇక మన ఆడవాళ్లలో చాలామందికి తెలియని సంగతి: థైరాయిడ్ తక్కువై థైరాక్సిన్ మాత్ర వాడుతుంటే, సర్జరీలో ఎఫ్‌పీ 92ఏ ఫారం అడిగి తీసుకోండి. ఆ సర్టిఫికెట్ వస్తే థైరాయిడ్ మందే కాదు, మీకు రాసే మందులన్నీ ఉచితం. షుగర్ మందులు వాడేవాళ్లకి కూడా. నేను నాలుగేళ్లు డబ్బు కట్టాక తెలిసింది. 60 దాటినవాళ్లకి, 16 లోపు పిల్లలకి, గర్భిణులకి, కాన్పయ్యాక ఏడాది దాకా ఎలాగూ ఉచితమే. గర్భిణులు దానికి వేరే సర్టిఫికెట్ తీసుకోవాలి.

స్పెషలిస్టుకి రాశారు. ఎన్నాళ్లు పడుతుంది?

కాగితం మీద 18 వారాలు. ఆ లక్ష్యాన్ని 2016 నుంచీ అందుకోలేకపోతున్నారు. 2023 సెప్టెంబరులో వెయిటింగ్ లిస్టు 77 లక్షలు దాటింది. అలాగని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. మొదటిసారి రిఫర్ చేసేటప్పుడు ఆసుపత్రిని మీరు ఎంచుకోవచ్చు. పక్క ఊళ్లో రెండు నెలలు తక్కువైతే అక్కడికే అడగండి. తర్వాత ఆ విభాగం సెక్రటరీకి ఫోన్ చేసి "ఎవరైనా రాకపోతే ఒక్క రోజు ముందు చెప్పినా వస్తాను" అని పేరు రాయించండి. నాకు ఆపరేషను తేదీ అలాగే అయిదు వారాలు ముందుకొచ్చింది. క్యాన్సర్ అనుమానంతో పంపితే లెక్క వేరు, 28 రోజుల్లో అవునో కాదో చెప్పాలన్నది నియమం. ఆ ఉత్తరం చూసి బెదిరిపోకండి, అలా వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ ఉండదు.

ఇన్ని నెలలెందుకు, హైదరాబాద్ వెళ్లి చూపించుకుని వస్తే?

వెళ్లేవాళ్లు చాలామందే. రెండు రోజుల్లో ఎమ్మారై, మూడో రోజు డాక్టరు, నాలుగో రోజు బిర్యానీ. తప్పుపట్టను. కానీ ఇక్కడ వరుసలోంచి పేరు మాత్రం పోగొట్టుకోకండి. మా ఆయన భుజం నొప్పికి అలాగే వెళ్లాడు. ఆ నెలలోనే ఇక్కడి ఆసుపత్రి నుంచి తేదీ వేసి ఉత్తరం వచ్చి, గుమ్మం వెనక పిజ్జా కాగితాల కింద పడి ఉంది. తిరిగొచ్చేసరికి తేదీ దాటింది, కేసు జీపీకి వెనక్కి పంపేశారు, మళ్లీ మొదటి నుంచి. వెళ్లే ముందు ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో ఫోన్ నంబరు, ఈమెయిల్ సరిచూసుకోండి, ఊళ్లో ఉండని తేదీలు ఆసుపత్రికి చెప్పండి. అక్కడి రిపోర్టులు తెస్తే డాక్టర్లు చూస్తారు, అయినా పరీక్షలు మళ్లీ చేయించడం మామూలే.

మూడుసార్లు వెళ్లాను, "ఏం లేదు" అనే అంటున్నారు.

2025 సెప్టెంబరులో జెస్ రూల్ అని వచ్చింది. క్యాన్సర్ ఆలస్యంగా బయటపడి 27 ఏళ్లకే చనిపోయిన జెస్ అనే అమ్మాయి పేరు మీద పెట్టారు. ఒకే బాధతో మూడోసారి వచ్చినా జబ్బు తేలకపోతే, లేదా బాధ పెరుగుతుంటే, డాక్టరు ఆగి మొదటి నుంచి మళ్లీ ఆలోచించాలి. మళ్లీ పరీక్షించడం, ఇంకో డాక్టరు అభిప్రాయం, స్పెషలిస్టుకి పంపడం, ఏదైనా కావచ్చు. "ఇది మూడోసారి, జెస్ రూల్ ప్రకారం మళ్లీ చూడగలరా?" అని పేరు పెట్టి అడగండి. యాప్‌లో మీ రికార్డు తెరిచి, ఏ తేదీన ఏం రాశారో చూసుకుని వెళ్తే ఇంకా మంచిది. "కొంచెం నొప్పి అని పేషెంట్ చెప్పారు" అని కనిపిస్తే ఎవరిని తిట్టుకోవాలో తెలుస్తుంది.

ఫిర్యాదు చేయాలంటే ముందు సర్జరీ నడిపే ప్రాక్టీస్ మేనేజర్‌కి రాయండి. అక్కడ వద్దనుకుంటే మీ ప్రాంతపు వైద్య సేవలు చూసే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకి. ఏడాది లోపు చేయాలి. ఫిర్యాదు చేస్తే తర్వాత సరిగ్గా చూడరేమో అన్న భయం మనలో చాలా ఉంది. నేను ఒకసారి చేశాను. ఉత్తరంలో క్షమాపణ వచ్చింది, రిసెప్షన్‌లో అదే ఆవిడ అదే మొహంతో "డేట్ ఆఫ్ బర్త్?" అంది.

దొరికిన అపాయింట్‌మెంట్‌కి వెళ్లలేకపోతే?

యాప్‌లో క్యాన్సిల్ నొక్కండి, అర నిమిషం పని. 8 గంటలకి ఎవరో 31వ స్థానంలో ఉంటారు.